చాటింపు కొలువు

రాజుగారి కబురు డప్పు కొట్టి చాటితే తప్ప జనానికి తెలియని కాలమది. ఆ చాటింపు కొలువు ఖాళీ అయిందని ఉప్పు అమ్మే సింగమ్మ విన్నది. వీధి మొదట్లో ఆమె కేక వేస్తే ఊరి చివరి ఇంటికి వినిపించేది. ఆ ధైర్యంతోనే వార్తల అధికారి వీరభద్రప్ప దగ్గరికి వెళ్లింది.

ఆయన ఆమె గొంతు వినను కూడా లేదు. "నువ్వు మాకేమవుతావు?" అన్నాడు.

"ఏమీ కానండి."

"అయితే వెళ్లు. ఈ కొలువు మా చుట్టాలకే. మా బావమరిదికి ఎప్పుడో ఖాయం చేశాను."

సింగమ్మకు కడుపు మండింది. తిన్నగా సంతకు వెళ్లి నిలబడింది. "చాటింపు కొలువు వీరభద్రప్పగారి చుట్టాలకేనట! ఆయన చుట్టాలంతా కోటకు రండహో!" అని ఎలుగెత్తి చాటింది.

కాసేపటికి కోట ముందు ఇసుక వేస్తే రాలనంత జనం చేరారు. ఒకడు తమ్ముణ్ణంటాడు, ఒకామె మేనత్తనంటుంది. ఆ గోలకు రాజుగారే బయటికొచ్చారు.

"ఏమయ్యా, కొలువులు చుట్టాలకే ఇస్తున్నావా?"

వీరభద్రప్ప చేతులు జోడించాడు. "అబ్బే, లేదు ప్రభూ! గొంతు చూసే ఇస్తాను."

"మరి ఇంతమందిని రప్పించిన గొంతు ఎవరిది?"

జనమంతా సింగమ్మ వైపు తిరిగారు. రాజుగారు డప్పు తెప్పించి ఆమె చేతికిచ్చారు.

ఆమె వెళ్తుంటే వీరభద్రప్ప వెంటపడ్డాడు. "మా ఇంటివాళ్ల ముందు నా పరువు కోసమైనా, నాకు దూరపు చుట్టానివని చెప్పమ్మా!"

సింగమ్మ డప్పు భుజానికి తగిలించుకుంది. "మా నాన్న ఉప్పు కావడి మోసి నన్ను పెంచాడు బాబూ. ఎవరడిగినా ఆయన కూతురిననే చెబుతాను" అని తలెత్తుకుని జనంలోకి నడిచింది.