ముగ్గురు అల్లుళ్ళు, రెండు కోడికాళ్ళు

అనగనగనగా గోదారి నడిమధ్యన ఒక లంక. ఆ లంకలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక కోడలు. ఆవిడ పులుసు కాచిందంటే ఆ వాసనకి ఏడూళ్ళ పిల్లులు ఏరు ఈదుకుంటూ వచ్చేవి. ఎవరనుకున్నావు, ఈ అమ్మమ్మే. నవ్వకు. కాళ్ళు ఆడించకుండా పడుకుని విను.

ఒక ఏడు వరదొచ్చింది. గోదారి మా వాకిట్లోకొచ్చి, వంటింట్లోకి తొంగిచూసి, అప్పుడు వెళ్ళింది. బియ్యం తడిసి ముక్కిపోయాయి. పప్పు బూజు పట్టింది. పడవలు ఆగిపోయాయి. ఆగకపోయినా ఏదన్నా కొనడానికి ఇంట్లో చిల్లిగవ్వ లేదు. వరదకి ముందు ఆఖరి పడవలో దిగిన మా అత్తగారి అల్లుళ్ళు ముగ్గురూ మా ఇంట్లోనే చిక్కుకుపోయారు.

పెద్దల్లుడూ నడిపల్లుడూ ఊరికే చూసిపోదామని వచ్చారు. చిన్నల్లుడు సూర్రాజు మాత్రం పెళ్ళాన్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఆ పిల్ల మా చిన్న ఆడపడుచు అనసూయ. అంతకు మూడు నెలల ముందు, కోడికాలు తనకి వెయ్యలేదని సూర్రాజు అలిగి, తింటున్నవాడల్లా లేచి, అనసూయని మా ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడు. మా వైపు అంతే కన్నా. అల్లుడి కంచంలో కాలు పడాలి. పడకపోతే మర్యాద పోయినట్టే.

ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఒకే ఒక కోడి. దానికి కాళ్ళు రెండు. అల్లుళ్ళేమో ముగ్గురు.

"ఈసారీ లేచి వెళ్ళిపోతే నా బతుకేం కాను వదినా?" అంది అనసూయ.

"వండేది ఎవరనుకున్నావు? నువ్వు కూర్చో" అన్నాను. అది కూర్చోలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ కూర్చోలేదు.

ఆ కోడి మామూలు కోడి కాదు. గుడ్లు మానేసి ఏళ్ళైన ముసలిపెట్ట. నొక్కితే నా వేలు నొప్పెట్టింది. కోస్తే కత్తి వంగింది.

అప్పుడు దాన్ని కుండలో వేశాను. పెరట్లో కంద తవ్వి వేశాను. చిలగడదుంపలు వేశాను. వరద మిగిల్చిన మునగాకు దూసి వేశాను. అన్నం లేని లోటు అవే తీర్చాలి మరి. అల్లం మిరియాలు నూరి కలిపాను. గాలికి రాలిన కొబ్బరికాయ కొట్టి పాలు తీసి పోశాను. మాంసం మెత్తబడాలని ఒక పచ్చి బొప్పాయి ముక్క పడేసి మూత పెట్టాను.

గంటైంది. ఉడకలేదు. అల్లుళ్ళు అరుగు మీద అటూ ఇటూ తిరుగుతున్నారు.

"అత్తయ్యా, అయిందా?" అన్నాడు పెద్దల్లుడు.

"ఆ కోడి ఉడుకుతోందా, గుడ్లు పొదుగుతోందా?" అన్నాడు నడిపల్లుడు.

సూర్రాజు మాత్రం రేవు వైపే చూస్తున్నాడు. అది ఇంకా భయం.

నేను కట్టెల కోసం పెరట్లోకి వెళ్ళాను. అప్పుడు అత్తగారు వచ్చి, కోడలు మరిచిపోయిందేమోనని ఒక బొప్పాయి ముక్క వేసింది. ఆ తర్వాత అనసూయ వచ్చి, మా ఇద్దరికీ గుర్తుందో లేదోనని ఏకంగా సగం కాయ వేసింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత నేను మూత తీశాను. కుండలో కోడి లేదు. గరిటె పెట్టి దేవితే వట్టి ఎముకలు తగిలాయి. వాటి మీద నూలుపోగంత మాంసం లేదు. అంతా పులుసులో కలిసిపోయింది. అత్తగారు నన్ను చూసింది. నేను అనసూయని చూశాను. అనసూయ బొప్పాయి తొక్కల్ని చూసింది.

ఇంకొకరైతే కూలబడి ఏడ్చేవాళ్ళు. నేను ఎముకలన్నీ ఏరేసి, పొగలు కక్కే పులుసు మూడు కంచాల్లో పోసి, రాణిలా నడుచుకుంటూ పట్టుకెళ్ళాను.

సూర్రాజు వేలితో కంచమంతా గాలించాడు. "చెల్లెమ్మా, కాలు ఏది?" అన్నాడు.

"ఇద్దరికి వేసి ఒకరికి ఎగ్గొట్టడం నాకు చేతకాదు అన్నయ్యగారూ. అందుకని కోడి మొత్తాన్నీ కరిగించి ముగ్గురికీ పోశాను. ఇలా కరిగించే చెయ్యి ఈ జిల్లాలో ఇదొక్కటే" అన్నాను. అబద్ధం కాదు కన్నా, కాస్త పొడుగు నిజం.

సూర్రాజు మొహం కందిపోయింది. ఒక మోకాలు పైకి లేచింది. తలుపు చాటున అనసూయ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు పెద్దల్లుడు తల ఎత్తకుండానే, "లేచేవాడివి ఆ కంచం ఇటు జరిపి లే" అన్నాడు.

"సగం నాకు" అన్నాడు నడిపల్లుడు.

సూర్రాజు వాళ్ళ కంచాల్లోకి చూశాడు. వాటిలోనూ కాలు లేదు. మోకాలు మెల్లగా కిందికి దిగింది. ఒక కంద ముక్క పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత కంచం చాచాడు. ఆ తర్వాత మళ్ళీ చాచాడు. ఆ ముసలిపెట్టతో ఆ పూట పదకొండు మందిమి తిన్నాం. కాదు కాదు, ఇరవై మందిమి.

మూడో నాడు పడవ కదిలింది. సూర్రాజు ముందు అనసూయ పెట్టె ఎక్కించాడు. ఆ తర్వాత చెయ్యి పట్టుకుని అనసూయని ఎక్కించాడు. అప్పుడు తను ఎక్కాడు.

కథ వెళ్ళెను కంచికి,
కోడి వెళ్ళెను కడుపుకి,
పడవ వెళ్ళెను రేవుకి,
నువ్వూ నేనూ నిద్దరకి.