గవదబిళ్ళల బాబుకు పట్టపు పల్లకి

కేతవరాన్ని ఏలే విజయకేతు మహారాజు ఆ ఉదయం కొలువుకు రాగానే ఒక చిక్కుముడి విసిరాడు.

“నా బావమరిది వేడుకకు రావాలి. వాడి కొడుకు రాకూడదు. రావద్దని మాత్రం ఎవరూ అనకూడదు. ఎవరివల్ల అవుతుంది?”

కొలువంతా నోరు తెరిచింది.

ఆ రోజే రాకుమారికి చెవులు కుట్టే ముహూర్తం. పిల్లను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టాలి. ఆ మేనమామ రాణిగారి తమ్ముడు భైరవరాజు. నిన్ననే కొడుకు చిట్టిరాజుతో వచ్చి విడిదిలో దిగాడు. పిల్లాడికి గవదబిళ్ళలు. బుగ్గలు చెరో గుమ్మడికాయంత ఉబ్బాయి.

ఇది మొదటిసారీ కాదు. కిందటేడు వాణ్ణి గజ్జితో తెచ్చాడు. కొలువు కొలువంతా నెలరోజులు గోక్కుంది. అంతకు ముందు ఓ పెళ్ళికి కళ్ళకలకతో తెచ్చాడు. అది పెళ్ళికూతురికి అంటుకుంది. ఆ పిల్ల కళ్ళు తెరవలేక పురోహితుడి మెడలో దండ వేసింది.

జబ్బు పిల్లాణ్ణి వేడుకకు తేవడం తప్పు. తెచ్చి, జబ్బే లేదని బొంకడం అంతకన్నా తప్పు. భైరవరాజు ఆ రెండూ మీసం మెలేసి మరీ చేసేవాడు.

“ఊరి బయట వంతెన విరగ్గొడదాం ప్రభూ!” అన్నాడు సేనాపతి.

“వాళ్ళు నిన్ననే వంతెన దాటి వచ్చారయ్యా!”

రాణి తెర వెనకనుంచి కళ్ళు తుడుచుకుంది. “రావద్దంటే మావాడు అలిగి వెళ్ళిపోతాడు. మేనమామ ఒడి లేకపోతే ముహూర్తం తప్పుతుంది. రమ్మంటే ఆ జబ్బు నా పసిదానికి అంటుకుంటుంది. నేనేం చేసేది?”

ఆ మాటకు బయ్యన లేచాడు. బయ్యన ఆస్థానంలో హాస్యగాడు. నవ్వించడం అతని పని. కానీ పసిపిల్ల మీదికి వచ్చిన ముప్పును నవ్వుతో సరిపెట్టే మనిషి కాదు.

“మహారాజా, తమ పట్టపు పల్లకి ఒక్క పూట ఇప్పించండి.”

“ఎందుకు?”

“బాబుగారిని పిలుచుకు రావడానికి.”

రాజు ఉలిక్కిపడ్డాడు. అయినా పల్లకి ఇచ్చాడు.

విడిదికి వెళ్ళిన బయ్యన ముందు వంటింటి వైపు నడిచాడు. అక్కడ చిట్టిరాజు దాది జావ చల్లారుస్తోంది.

“ఏమ్మా, అయ్యగారు బాబుని ఎత్తుకుని ముద్దాడుతున్నారా?”

“ఇంకా నయం!” అంది దాది. “బుగ్గలు పొంగినప్పట్నుంచీ ఆయన బాబు గది గడప తొక్కలేదు. ఆయనకు చిన్నప్పుడు గవదలు రాలేదట. ఇప్పుడొచ్చి బుగ్గలు ఉబ్బితే మీసం మెలిక చెడిపోతుందని భయం. వచ్చేటప్పుడు కూడా ఆయనది ముందు పల్లకి, మాది వెనక పల్లకి.”

బయ్యనకు అంతకన్నా ఏమీ అక్కరలేకపోయింది. సావిట్లోకి వెళ్ళి భైరవరాజుకు దండం పెట్టాడు.

“దొరవారూ, బాబుగారికి ఒంట్లో ఎలా ఉంది?”

“ఎలా ఉండటమేమిటి? నిక్షేపంలా ఉన్నాడు.”

“గవదలని ఊళ్ళో ఎవరో అంటేనూ...”

“గవదలూ లేవు, గివదలూ లేవు! మావాడి బుగ్గలు పుట్టుకతోనే అంత. వాడు ఈ పూట అందరి ఒళ్ళోనూ కూర్చుంటాడు. రాకుమారిని ముద్దు పెట్టుకుంటాడు. పద్యాలు చదువుతాడు.”

“అంటుకునేదేమీ కాదు కదా?”

“ఒట్టు! ఏమీ అంటుకోదు.”

“చాలు దొరవారూ, నా గుండె కుదుటపడింది. తమకోసం పట్టపు పల్లకి తెచ్చాను.”

భైరవరాజు ఛాతీ రెండింతలైంది. ఆ పల్లకి ఇంతవరకూ ఏ చుట్టానికీ దక్కలేదు.

“ఒక్క పల్లకే తండ్రీకొడుకులిద్దరికీ,” అన్నాడు బయ్యన. “బాబు తమ ఒళ్ళో కూర్చోవాలి. బుగ్గకు బుగ్గ ఆనించాలి. ఊరంతా చూసి మురిసిపోవాలి.”

ఛాతీ సగం దిగింది. “వాడు... వెనక పల్లకిలో వస్తాడులే.”

“పట్టపు పల్లకి వెనక మరో పల్లకి నడవకూడదు. అది మా కోట ఆచారం. ఆ తర్వాత భోజనానికి ఇద్దరికీ ఒకటే విస్తరి. బాబు కొరికిచ్చిన బూరె తమరు ఆరగించాలి.”

“కొరికిచ్చిందా?”

“అంటుకోదని తమరే ఒట్టేశారు కదా!”

బయ్యన గది వైపు తిరిగి చేతులు చాచాడు. “రండి బాబూ! నాన్నగారు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారట!”

చిట్టిరాజు గుమ్మడి బుగ్గలు ఊపుకుంటూ “నాన్నా!” అని పరుగెత్తుకొచ్చాడు.

భైరవరాజు స్తంభం వెనక్కు గెంతాడు. పిల్లాడు ఆ స్తంభం చుట్టూ తిరిగాడు. తండ్రి ఉయ్యాల బల్ల ఎక్కి, పైపంచ ముక్కుకు అడ్డం పెట్టుకుని కేక పెట్టాడు.

“దాదీ! వీణ్ణి లోపలికి తీసుకుపో! వీడికి గవదలు! జబ్బు పిల్లాణ్ణి నలుగురిలోకి పంపుతారటయ్యా? అంటుకోదూ? నీకా మాత్రం తెలియదా?”

“చిత్తం,” అన్నాడు బయ్యన, తల వంచి. “తమరు చెబితే తెలిసింది.”

చిట్టిరాజు హాయిగా జావ తాగి పడుకున్నాడు. బుగ్గలు నొప్పెడుతుంటే పద్యాలు చదవాలని వాడికి మాత్రం ఎందుకుంటుంది?

ముహూర్తానికి భైరవరాజు ఒక్కడే పట్టపు పల్లకిలో దిగాడు.

“బావగారూ, మావాడికి గవదలు. నేనే ఇంట్లో ఉంచేశాను. పెద్దవాళ్ళం, నలుగురి క్షేమం మనమే చూడాలి కదా!”

రాకుమారి మేనమామ ఒళ్ళో కూర్చుంది. చెవులు కుట్టారు. పిల్ల ఏడ్చింది, బెల్లం ముక్క నోట్లో పెడితే ఊరుకుంది. మేనమామ అటు భోజనానికి వెళ్ళగానే రాజు బయ్యనను సింహాసనం పక్కకు లాగాడు.

“రావద్దని అన్నావా ఏమిటి?”

“అయ్యో, అలా ఎందుకంటాను మహారాజా? కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని రమ్మన్నాను.”

జబ్బంటే బావమరిదికెంత భయమో రాజుకు తట్టింది. తర్వాత నవ్వు ఆగక సింహాసనం చెయ్యి పట్టుకున్నాడు. తెర వెనక రాణి గాజులు గలగలలాడేలా నవ్వింది. విషయం అర్థం కాకపోయినా సేనాపతి అందరికన్నా గట్టిగా నవ్వాడు.

రాజు తన భుజం మీది జరీ శాలువా తీసి బయ్యనకు కప్పాడు. “ఇంకేం కావాలో కోరుకో!”

“ఒక గిన్నెడు పరమాన్నం మహారాజా. నాకు కాదు, విడిదిలో ఉన్న బాబుకు. పాపం, వాడు బూరెలు నమల్లేడు.”