ఉన్ని మింగే వెయ్యి సూదుల మిషను

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో గిరీ. నీలూ, నువ్వు కాస్త అటు జరుగు, నా చెయ్యి తిమ్మిరెక్కుతోంది. ఊ కొట్టాలి మరి. మీరు ఊ కొట్టడం ఆపితే నేను దారి తప్పుతాను. ఈ కథలో దారి తప్పడం నాకు అలవాటే.

అనగనగా ఒక ఊళ్ళో అంటారు గానీ, ఇది ఊరు కాదర్రా, ఒక సంస్థానం. పేరు మా అమ్మమ్మ చెప్పింది, నేనే మర్చిపోయాను. దానికో రాజుగారు. కిరీటం పెట్టుకునే రాజు కాదు, తలపాగా చుట్టుకుని గుర్రబ్బండిలో తిరిగే రాజు. కోట పక్కన ఒక పేట. ఆ పేట నిండా తివాచీలు నేసేవాళ్ళే. వాళ్ళందరికీ పెద్ద పేరయ్య. పేరయ్య కోడలు వరహాలమ్మ. మన కథ ఈ పిల్లదే.

తివాచీ అంటే అప్పట్లో చేత్తోనే. నిలువు మగ్గం ముందు కూర్చుని, పడుగు దారానికి ఉన్ని పోగు చుట్టాలి, ముడెయ్యాలి, చిన్న కత్తితో తెంపాలి. చుట్టు, ముడి, తెంపు. చుట్టు, ముడి, తెంపు. ఒక మనిషి పడుకునేంత తివాచీ కావాలంటే మామిడిపూత నాడు మొదలెడితే మళ్ళీ మామిడిపూతకి అయ్యేది.

రాజుగారేమో కొత్తగా దర్బారు హాలు కట్టించాడు. నూరు మూరల పొడవు. దసరాకి చుట్టుపక్కల రాజులందరూ వస్తారు, ఆ మూల నుంచి ఈ మూల దాకా తివాచీ పరవాలన్నాడు. పేరయ్య చేతులు కట్టుకుని, ప్రభూ, పేటంతా కూర్చున్నా పాతికేళ్ళు పడుతుందన్నాడు. రాజుగారికి కోపం రాలేదు గానీ, సముద్రం అవతల నుంచి ఒక మిషను తెప్పించాడు.

ఊ కొడుతున్నారా? ఆఁ.

వచ్చిందర్రా మిషను. ఎనభై ఎడ్ల బళ్ళ మీద ముక్కలు ముక్కలుగా వచ్చింది. కూడా ఒక దొర వచ్చాడు. మరకి మర బిగించి, సూది పక్కన సూది బిగించి, అలా వెయ్యి సూదులు బిగించి, దాన్ని నడిపే నూనె ఇంజను కూడా పెట్టి, మర్నాడు నడిపి చూపిద్దామనుకున్నాడా, ఆ మర్నాడే చలిజ్వరం! వాడి భాష ఒక్కరికీ రాదు. రేవులో ఆసుపత్రికి తీసుకుపోవడానికి పేటంతా చూస్తుండగా బండెక్కిస్తుంటే, పాపం, ఒక అరచెయ్యి బల్లపరుపుగా పట్టి, దాని కింద రెండో చేతి వేలు కొక్కెంలా వంచి, ఇలా ఇలా ఆడించి చూపించాడు. ఏమిటంటున్నాడని రాజుగారు దివానునడిగాడు. దివానుకి ముక్క అర్థం కాలేదు. కానీ అర్థం కాలేదంటే పరువు పోదూ! బహుమానం అడుగుతున్నాడు ప్రభూ అన్నాడు. వాడి చేతిలో ఒక శాలువా పెట్టి పంపేశారు.

మిషనుతో పాటు రెండు వింత సరుకులొచ్చాయి. ఒక పెట్టె నిండా వెయ్యి చిట్టి కత్తులు, వేలంత పొడవు. ఇవేమిటని రాజుగారడిగితే, ఆయుధాలు ప్రభూ అని దివాను వాటిని కత్తులకొట్లో పెట్టి తాళం వేశాడు. ఇంకోటి, పీపాల్లో తెల్లటి పాలు. మూత తీస్తే ముక్కు పగిలే వాసన. పాలు చెడిపోయాయి ప్రభూ అని వాటిని గుర్రాలసాల వెనక పడేయించాడు.

ఇంక మిషను నడపమని పేట వాళ్ళని పిలిచారు. వరహాలమ్మ కూడా మామగారి వెనకాల వెళ్ళింది. ఎలా ఉందంటే ఆ మిషను, వెనకాల తాటిచెట్టంత చట్రం, చట్రానికి వెయ్యి ఉన్ని కండెలు. కండె కండెకీ ఒక పోగు, పోగు పోగుకీ ఒక గొట్టం. ఇవతల మంచం మీద దుప్పటిలా పరిచిన గోనెపట్టా లాంటి గుడ్డ. గుడ్డ మీద బారుగా సూదులు.

ఇంజను వేశారు. దబదబదబదబమని వెయ్యి సూదులు ఒక్కసారే గుడ్డలోకి దిగుతాయి, ఒక్కసారే పైకి లేస్తాయి. గుడ్డ కొంచెం జరుగుతుంది. మళ్ళీ దిగుతాయి, మళ్ళీ లేస్తాయి. మూరెడు గుడ్డ నడిచిందో లేదో పేరయ్య ఆపించి చూశాడు. గుడ్డ మీద ఏముంది? కుట్టు గీతలు. బారులు తీరిన సన్నటి గీతలంతే. తివాచీ ఏదీ? ఆ మెత్తదనమేదీ? కండెలు చూస్తే అప్పుడే కాస్త బక్కచిక్కినట్టున్నాయి.

నడిచింది మూరెడు గుడ్డ. పోగు పోగు నుంచీ పోయింది ఆరేడు మూరల ఉన్ని. వెయ్యి కండెల ఉన్ని ఎటు పోయింది?

దివాను ఊరుకుంటాడా? మూరెడు గుడ్డకి మూరెడు ఉన్ని పట్టాలి గదా, తక్కినది వీళ్ళు గొట్టాల్లోంచి లాగేసి దాచుకున్నారు ప్రభూ, మిషనొస్తే వీళ్ళ మగ్గాలు ఆగిపోతాయని దాన్ని చెడగొడుతున్నారు, అన్నాడు. పేరయ్యనా ఆ మాట అనేది! డెబ్భై ఏళ్ళ మనిషి, ఒకరి పోగు కూడా ముట్టనివాడు. పేట వాళ్ళు కొందరు, మిషను కింద దెయ్యం కూర్చుంది, ఉన్ని అదే మింగుతోందన్నారు. రాజుగారికి ఎవరి మాట నమ్మాలో తెలీలేదు. తెలీనప్పుడు రాజులేం చేస్తారు? దగ్గరున్నవాణ్ణి నమ్ముతారు. పేరయ్యని కోటలో గదిలో పెట్టించి, మూడు రోజుల్లో ఉన్ని లెక్క తేలకపోతే పేటంతా ఖాళీ చేసి పొమ్మన్నాడు.

ఊఁ? నిద్రపోయావా గిరీ? లేదా, సరే.

వరహాలమ్మ ఇంటికొచ్చి పొయ్యి వెలిగించబోయి నీళ్ళు పోసింది. అంత కంగారు. అన్నం వండుతూ ఆలోచించింది, అర్థం కాలేదు. గిన్నెలు తోముతూ ఆలోచించింది, అర్థం కాలేదు. మామగారు తియ్యలేదు, అది తనకి తెలుసు. దెయ్యమంటే, ఉన్ని తినే దెయ్యాన్ని తను ఎక్కడా వినలేదు. మరి ఏమైపోయింది?

మర్నాడు పొద్దున్నే రాజుగారి దగ్గరికే వెళ్ళి నిలబడింది.

"ప్రభూ, నాకు ఆ మిషను అర్థం కాలేదు. ఒక్కపూట చూసుకోనివ్వండి."

"అర్థం కాని దానివి చూసి ఏం చేస్తావమ్మా?" అన్నాడు రాజుగారు.

"అర్థమైతే చూడక్కర్లేదు గదా ప్రభూ, అందుకే."

రాజుగారికి ఆ మాట నచ్చింది. దివాను మొహం మాడింది.

వరహాలమ్మ మిషను దగ్గరికెళ్ళి ఒక్క పోగు మీద చెయ్యేసి, దాని వెంటే నడిచింది. కండె నుంచి గొట్టంలోకి. సరే. కండె నుంచి గొట్టంలోకి, గొట్టంలోంచి రోలరు మీదికి. సరే. కండె నుంచి గొట్టంలోకి, గొట్టంలోంచి రోలరు మీదికి, రోలరు మీంచి సూది బెజ్జంలోకి. అదీ సరే. కండె నుంచి గొట్టంలోకి, గొట్టంలోంచి రోలరు మీదికి, రోలరు మీంచి సూది బెజ్జంలోకి, సూదితో పాటు గుడ్డ కిందికి... గుడ్డ కిందికి దిగాక?

మళ్ళీ వెనక్కెళ్ళింది. కండె, గొట్టం, రోలరు, సూది, గుడ్డ కిందికి. మళ్ళీ అక్కడే ఆగింది. మూడుసార్లు తిరిగింది, తల తిరిగింది. అప్పుడు అనుకుంది గదా, నేను గుడ్డ పైన నిలబడి కింద ఏముందని అడుగుతున్నానేమిటి!

కొంగు బిగించి, చేతిలో లాంతరు పట్టుకుని, వెల్లకిలా పడుకుని మిషను కిందికి దూరింది. పట్టపగలే గానీ కింద చీకటి. భయం వెయ్యలేదా అంటే, వేసింది. దెయ్యం గనక ఉంటే సరిగ్గా ఇక్కడే గదా ఉండేది! కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక కన్ను తెరిచి చూసింది.

తివాచీ!

పైన కాదర్రా, కింద! మొహం నేలకి పెట్టి, వీపు మనకి చూపించి, తలకిందులుగా వేలాడుతోంది మూరెడు తివాచీ. గుడ్డ నిండా కిక్కిరిసి ఉన్ని ఉంగరాలు. పోయిందనుకున్న ఉన్ని అంతా అక్కడే ఉంది.

మనుషుల్ని పిలిచి, ఇంజను వెయ్యద్దు, పక్కనున్న పెద్ద చక్రం చేత్తో మెల్లిగా తిప్పండర్రా అంది. తిప్పారు. సూది ఉన్నిని పట్టుకుని గుడ్డలోంచి కిందికొచ్చింది. సూదికి ఎదురుగా ఒక చిన్న కొక్కెం, మన వేలు వంచితే ఎలా ఉంటుందో అలా, ముందుకొచ్చి ఆ ఉన్నిని పట్టుకుంది. సూది ఖాళీగా పైకెళ్ళిపోయింది. ఉన్ని మాత్రం కొక్కేనికి ఉంగరంలా ఉండిపోయింది. గుడ్డ కొంచెం జరిగింది, కొక్కెం వదిలేసింది. మళ్ళీ సూది, మళ్ళీ కొక్కెం. సూది దిగు, కొక్కెం పట్టు, సూది లే, గుడ్డ జరుగు, కొక్కెం వదులు. వెయ్యి సూదులకి వెయ్యి కొక్కేలు. అప్పుడు గుర్తొచ్చింది ఆ పిల్లకి, జ్వరంలో దొర చూపించిన ఆ వంకర వేలు. పాపం, శాలువా కాదు వాడు అడిగింది!

రాజుగారు పరుగున వచ్చాడు. గుడ్డ తిప్పి చూపిస్తే నోరు తెరిచాడు. పేరయ్యని గదిలోంచి తీసుకొచ్చారు. కథ అయిపోయిందనుకుంటున్నారా? అక్కడే మళ్ళీ తికమక.

రెండు రోజులు ఇంజను వేసి పది మూరలు నడిపించారు. కోసి హాల్లో పరిచారు. రాణిగారు సంబరంగా దాని మీద నడిచింది. కాలి పట్టీ మువ్వ ఒక ఉంగరంలో చిక్కుకుంది. చిక్కుకుందా, ఆవిడ చూసుకోకుండా రెండడుగులు వేసింది. సర్రున ఒక వరస మొత్తం ఊడి, రాణిగారి వెంట తోకలా వచ్చేసింది!

దివాను పకపకా నవ్వాడు. రాజుగారి మొహం ఎర్రబడింది. పేరయ్య ఆ ఊడిన పోగు చేతిలోకి తీసుకుని, "అమ్మాయ్, దీనికి ముడి లేదే!" అన్నాడు. నిజమే. మగ్గం మీద ప్రతి పోగుకీ ఒక ముడి. మిషను ముడెయ్యదు, గుచ్చి వదిలేస్తుంది. ముడి లేనిది ఎలా నిలుస్తుంది? సముద్రం అవతల వాళ్ళేమన్నా పిచ్చివాళ్ళా, ఊడిపోయే తివాచీకి ఇంత మిషను చెయ్యడానికి? వరహాలమ్మకి మళ్ళీ బుర్ర గిర్రున తిరిగింది.

వంటశాల అరుగు మీద కూలబడింది. లోపల వంటమనిషి వెంకాయమ్మ ఎవరినో తిట్టుకుంటోంది. ఏమిటత్తా అంటే ఆవిడ ఏకరువు పెట్టింది. గుర్రాలసాల వెనక పీపాలోవి పాలేనా అని వేలు ముంచి చూసిందట. వేలికంటుకుంది, వేలు వదల్లేదు. మసిగుడ్డతో తుడిస్తే గుడ్డకంటుకుంది, గుడ్డ వదల్లేదు. ఎండలో ఆరేస్తే గుడ్డ తోలులా సాగుతోంది, రెండు మడతలు అతుక్కుపోయి గుంజినా రావట్లేదు.

"ఏదీ ఆ మసిగుడ్డ?" అని లాక్కుంది వరహాలమ్మ. గుంజింది, రాలేదు. ఇంకా గుంజింది, సాగింది గానీ ఊడలేదు. అవి తాగే పాలు కావర్రా, రబ్బరు చెట్టు కార్చే పాలు!

తివాచీని బోర్లా పరిపించి, వీపంతా ఆ పాలు చీపురుతో దట్టంగా పూయించింది. మీద ఇంకో గోనెపట్టా అతికించి, చుట్టూ నిప్పులు పెట్టి ఆ సెగకి ఆరబెట్టించింది. ఆరాక పేరయ్యని పిలిచి, లాగండి మావయ్యా అంది. ఆయన కాలు తన్నిపెట్టి లాగాడు. పోగు తెగింది గానీ ఊడి రాలేదు.

ఇంక రాణిగారి మువ్వ సంగతి. ఉంగరమున్నంత కాలం మువ్వ చిక్కుతుంది. ఉంగరాన్ని తెంపేస్తే? మగ్గం దగ్గర మనం ముడేసి తెంపుతాం గదా, మిషను దేంతో తెంపుతుందని పేరయ్య అడిగాడు. రాజుగారు దివాను వంక తిరిగి, ఆ వెయ్యి చిట్టి కత్తులు నిజంగా ఆయుధాలేనా అనడిగాడు. దివాను నేల చూపులు చూస్తూ, తెలీదు ప్రభూ, అన్నాడు. పుట్టిన తర్వాత ఆ మాట అనడం అదే మొదటిసారి. అని, తాళంచెవి తనే తెచ్చిచ్చాడు. కొక్కెం పక్కన కత్తి బిగించడానికి చోటు ముందే ఉంది. కొక్కెం పట్టగానే కత్తి కచక్ మని ఉంగరాన్ని తెంపుతుంది. తెగిన కొసలు రెండూ విచ్చుకుని లేగదూడ వీపులా మెత్తగా నిలబడ్డాయి.

దసరాకి నూరు మూరలూ పరిచారు. రాజులందరూ చెప్పులు విప్పి మరీ నడిచారట.

ఏం కావాలో కోరుకోమన్నాడు రాజుగారు. మిషను పేట వాళ్ళ చేతుల్లోనే ఉండాలని అడిగింది వరహాలమ్మ. పెళ్ళిపీటల మీదికీ, ఉయ్యాలబల్లల మీదికీ పరిచేవి మాత్రం మగ్గం మీదే నేయించుకోవాలని కూడా అడిగింది. రాజుగారు సరేనన్నాడు. పేరయ్య చేతులు పట్టుకుని, నిన్ను అనుమానించాను, తప్పయిందన్నాడు కూడా.

ఆ తర్వాత ఒకనాడు రాజుగారు మిషను చూడ్డానికొస్తే పేరయ్య కనబడలేదు. వెతికితే మిషను కింద నుంచి రెండు కాళ్ళు బయటికున్నాయి. ఏం చేస్తున్నావు పేరయ్యా అంటే లోపల్నుంచే, "సగమే అర్థమైంది ప్రభూ, ఇంకొక్కసారి చక్రం తిప్పించండి" అన్నాడట. రాజుగారు తలపాగా తీసి పక్కన పెట్టి, పట్టుపంచతోనే తనూ కిందికి దూరాడు. వరహాలమ్మ పగలబడి నవ్వుతూ ఇద్దరికీ చక్రం తిప్పింది.

అంచేత నాన్నా, బళ్ళో అర్థం కానప్పుడు అర్థమైందని తలూపకండి. లేచి నిలబడి, నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అనాలి. ఏం నీలూ? ఊ అనవేం... ఓహో, ఇద్దరూ నిద్రపోయారూ. సరే, కథేమో కంచి దారి పట్టింది, మనమేమో దుప్పట్లోకి.