జానెడున్నర ఎత్తు

"చెప్పాల్సింది చెప్పేశాక మన పూచీ తీరినట్టే కదా, గురువు గారూ?"

విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లు బాగుచేసే జాన్‌సైదా మేస్త్రీని ఆయన శిష్యుడు కరుణాకర్ ఒక మధ్యాహ్నం ఈ ప్రశ్న అడిగాడు. కరుణాకర్‌కి ముప్పై నాలుగేళ్ళు. డిప్లొమా చదివి, నాలుగు చోట్ల పనిచేసి, ఆరేళ్ళ కిందట ఈ షెడ్డుకు వచ్చాడు. చేతిపని తెలిసినవాడు. అడిగింది కూడా ఊరికే కాదు.

ఆ వారమంతా అతను ఒక డాక్టరు గారి పాత కాంటెస్సా మీద పనిచేశాడు. ఆ కారులో అసలు ఇంజన్ తీసేసి ఎవరో జపాన్ ఇంజన్ ఎక్కించారు. కొత్త ఇంజన్ పక్కన పాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా పట్టలేదు. బానెట్ కింద వేడిగాలి పీల్చి పీల్చి ఇంజన్ నీరసపడుతోంది. కరుణాకర్ అల్యూమినియం గొట్టం వంచి, వెల్డింగ్ చేసి, లోపలి రేకుకు కన్నం కోసి, ఫిల్టర్‌ని ముందు బంపర్ వెనక్కి, చక్రం పక్కకి దించాడు. అక్కడ చల్లగాలి దొరుకుతుంది. బండి లాగుడు పెరుగుతుంది. డాక్టరు గారు కోరింది అదే. నీళ్ళలో నడపకూడదని కాగితం మీద రాసి, ఆయన చేత సంతకం కూడా చేయించుకున్నాడు.

మేస్త్రీ వంగి, అతుకులన్నీ వేలితో తడిమి చూశాడు. "పని బాగుంది," అన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని బల్ల మీద కూర్చున్నాడు. పదకొండేళ్ళ కిందటి సంగతి ఒకటి చెప్పడం మొదలుపెట్టాడు. అది నాకు తర్వాత కరుణాకరే చెప్పాడు.

మైలవరం దాటాక లోపలికి ఉన్న ఒక ఊళ్ళో చలపతి అనే ఆయన ఉండేవాడు. ఐస్ ఫ్యాక్టరీ ఆయనది. తండ్రి పురుషోత్తం గారు ఉద్యోగంలో ఉండగా కొన్న అంబాసిడర్‌ని అమ్మడానికి మనసొప్పక, దానికి వేరే ఇంజన్ వేయించి, గాలి సంగతి చూడమని మేస్త్రీ దగ్గరికి తెచ్చాడు. మేస్త్రీ ఆయనకు రెండు చోట్లు చూపించాడు. ఒకటి పైన, బ్యాటరీ పక్కన. అక్కడ కాస్త వేడి తగులుతుంది. రెండోది కింద, బంపర్ వెనక, నేల నుంచి జానెడున్నర ఎత్తులో.

"పైన పెడితే లాగుడు తగ్గుతుందా?" అని అడిగాడు చలపతి.

"కొంచెం తగ్గుతుందండీ."

"అయితే కిందే పెట్టండి."

"కింద పెడితే నీళ్ళలోకి దించకూడదు. మోకాటి లోతు కూడా వద్దు. నీళ్ళు లోపలికి పీల్చిందంటే ఇంజన్ అక్కడికక్కడే పట్టేస్తుంది."

"వానలో దీన్ని నేను బయటికే తియ్యను సైదా గారూ. నా ముచ్చట కోసం చేయించుకుంటున్నా," అని చలపతి నవ్వాడు.

ఇక్కడ మేస్త్రీ, "నాకూ కిందే ఇష్టమైంది, కరుణాకరా," అన్నాడట. పైకి తేవాలంటే గొట్టానికి మూడు వంపులు కావాలి. కిందికైతే ఒక్కటే. అతుకు కనిపించకుండా వచ్చింది. పక్క షెడ్లవాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు.

బండి అప్పగించిన రోజున చలపతితో ఆయన భార్య హైమావతి కూడా వచ్చింది. హైస్కూల్లో లెక్కల టీచరు. మేస్త్రీ ఆమెకు కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. తర్వాత బానెట్ ఎత్తి, చలపతికి చెప్పాల్సిందంతా మరోసారి చెప్పాడు. ఆమె పది అడుగుల దూరంలో కూర్చుని టీ తాగుతోంది. ఆమెను పిలవాలని ఆయనకు తోచలేదు. చలపతికీ తోచలేదు.

ఆ ఏడు ఆగస్టులో పురుషోత్తం గారికి కంటి ఆపరేషన్ అయింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది, ఉన్న కంటికే ఆపరేషన్. కట్టు కట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించే రోజున చలపతి పని మీద రాజమండ్రిలో ఉన్నాడు. వాళ్ళ రెండో కారు ఆయన వెంట వెళ్ళింది. హైమావతి అంబాసిడర్ తీసుకుని వెళ్ళి, మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరింది. సాయంత్రం నాలుగు దాటింది. పైన ఎక్కడో గట్టిగా కురిసినట్టుంది, ఊరికి ఇవతల చప్టా మీదికి వాగు నీళ్ళు వచ్చాయి. ఆమె బండి ఆపి చూసింది. ఆమె కళ్ళముందే పాల ఆటో ఒకటి నెమ్మదిగా దాటి అవతలి గట్టెక్కింది. మూడు చక్రాల బండి దాటినచోట అంబాసిడర్ దాటదా అనుకుంది. అలా ఎవరైనా అనుకుంటారు.

చప్టా సగంలో ఇంజన్ ఒక్కసారి పెద్దగా దగ్గి, ఆగిపోయింది. తాళం తిప్పితే టక్కుమని శబ్దం తప్ప కదలిక లేదు. పది నిమిషాల్లో నీళ్ళు తలుపు అంచు దాటి లోపలికి వచ్చాయి. కారు వెనక భాగం పక్కకి జరగడం మొదలైంది. ఆమె మామగారి చెయ్యి పట్టుకుని కిందికి దించింది. ఇద్దరూ చప్టా అంచున ఉన్న రాయి దాకా వెళ్ళగలిగారు. ఆమె ఒక చేత్తో రాయిని కరుచుకుంది, రెండో చేత్తో ఆయన్ని పట్టుకుంది.

"నీళ్ళు ఎంతదాకా వచ్చాయమ్మా?" అని ఆయన అడిగాడు.

"మోకాటి దాకానే, మామయ్యా," అంది ఆమె. అప్పటికి నడుము దాటాయి. ఆయనకు ఆ సంగతి ఒంటికి తెలుస్తూనే ఉంటుంది. అయినా ఆయన, "సరేనమ్మా," అన్నాడు.

గట్టు మీది మనుషులు తాడు విసిరారు. రెండుసార్లు అందలేదు. మూడోసారి ఆమె భుజం మీదే పడింది. తాడు పట్టుకోవాలంటే ఏదో ఒక చెయ్యి ఖాళీ కావాలి.

పురుషోత్తం గారు మర్నాడు మూడు మైళ్ళ దిగువన దొరికారు. కంటికి కట్టు అలాగే ఉంది.

తర్వాత కారుని లారీకి కట్టి షెడ్డుకు తెచ్చారు. మేస్త్రీ ఇంజన్ విప్పాడు. ఫిల్టర్ తడిసి ముద్దయి ఉంది, గొట్టం నిండా బురద. లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. చలపతి గుండుతో వచ్చి నిలబడి అంతా చూశాడు. "మీ తప్పేం లేదు సైదా గారూ. మీరు రెండుసార్లు చెప్పారు. నేనే ఇంట్లో చెప్పలేదు," అన్నాడు. మేస్త్రీ ఆ మాట పట్టుకుని, ఆ రాత్రి అన్నం తినగలిగాడు.

రెండు నెలల తర్వాత హైమావతి ఒక్కతే బస్సులో వచ్చింది. ఈసారి కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మేస్త్రీ గారూ, నాకొకటి చెప్పండి. పాల ఆటో దాటింది. మా కారు ఎందుకు ఆగింది?"

మేస్త్రీ ఆమెను కారు దగ్గరికి తీసుకెళ్ళి, కింద కూర్చుని, ఫిల్టర్ ఉన్నచోటు చూపించాడు. ఆమె కూడా చీర కుచ్చిళ్ళు పట్టుకుని పక్కనే కూర్చుంది. చెయ్యి చాపి, నేలకీ దానికీ మధ్య ఎంతుందో జానతో కొలిచింది.

"పైన పెట్టి ఉంటే?"

"దాటి ఉండేదమ్మా."

"ఇది కింద ఉందని ఎవరెవరికి తెలుసు?"

"మీ ఆయనకి తెలుసు. నాకు తెలుసు."

"ఆ రోజు నేను ఇక్కడే ఉన్నాను," అంది ఆమె. కోపంగా అనలేదు. బళ్ళో పిల్లలకి లెక్క ఎక్కడ తప్పిందో చూపించే గొంతుతో అంది. కాసేపటికి మళ్ళీ తనే, "చెయ్యి ఆయన వదిలేశారో, నేను వదిలేశానో నాకు తెలియడం లేదు. మా ఇంట్లో ఎవరూ అడగరు. అడగకుండా నా వైపు చూస్తారు," అంది.

ఆమె లేచి, చీరకంటిన మట్టి దులుపుకుని, బస్టాండుకు ఆటో ఎక్కడ దొరుకుతుందని అడిగి, వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమెను ఆయన చూడలేదు.

ఇంతవరకు చెప్పి మేస్త్రీ ఊరుకున్నాడు. పక్క షెడ్డులో ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగాక కరుణాకర్ నెమ్మదిగా అన్నాడు:

"అయినా మీ తప్పేం లేదని చలపతి గారే అన్నారు కదా, గురువు గారూ."

మేస్త్రీ బల్ల మీద నుంచి లేచాడు.

"ఆయన అన్నాడు," అన్నాడు. "ఆవిడ అనలేదు."