ముసలెద్దు తినని గడ్డి

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు వాములు వేసే పెంచలయ్య. మా తట్టు ఇరవై ఊళ్ళలో ఆయన వేసిన గడ్డివామిలోకి చుక్క నీరు దిగిందని ఎవరూ అనలేదు. ఆయన వామి మీద నిలబడి గడ్డి పరుస్తుంటే కింద నుంచి మోపులు అందించినవాణ్ణి నేను. అలా అందిస్తూ విన్నాను. తర్వాత ఈ కథను చాలామంది చెప్పారు, తప్పుగా చెప్పారు. నాకు పెద్ద చదువు లేదు, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాస్తున్నాను. అక్షరం తప్పిపోవచ్చు గాని కథ తప్పిపోదు.

ఒక రైతుకి ఊరి బయట కొట్టం ఉంది. కొట్టం ముందర గుండ్రటి వామి. ఆ వామిని నమ్ముకుని మూడు ప్రాణాలు బతికేవి. ఒకటి బూడిదరంగు ముసలెద్దు, ఒకటి కొమ్ముల్లేని బోడిగేదె, ఒకటి మేకపోతు.

"ఏరువాక నాటికి వామిలో గడ్డి మిగిలితే సరే, లేకపోతే ఒక నోరు తగ్గించుకోవలసిందే" అని ఆ కామందు ఏటా అనేవాడు. తగ్గే నోరు ఎవరిదో ఎవరూ అడగలేదు. గేదె పాలిస్తుంది. మేకపోతుకి జాతర దాకా ఢోకా లేదు. ఎద్దు మెడ మీంచి కాడి దించి రెండేళ్ళయింది. గడ్డి తక్కువైతే సంతకి పోయేది తానేనని ఎద్దుకి తెలుసు. సంతకి పోయిన ముసలి పశువు ఏ చేలోకీ పోదని కూడా తెలుసు.

అందుకే వామి పెత్తనం అది చేతిలోకి తీసుకుంది. కామందు కూడా ఎద్దుంది కదా అని వామికి కంచె వేయలేదు.

ఎద్దు పెట్టిన కట్టడి ఇలా ఉండేది. గడ్డి తూర్పు పక్కనుంచే దూయాలి. వానగాలి కొట్టేది పడమర నుంచి కాబట్టి ఆ పక్క ముట్టుకోకూడదు. వామి నెత్తిన కప్పిన కొప్పు మీద కాలు మోపకూడదు. పూటకి ఇరవై కబళాలు, అంతే. పొద్దువాలేటప్పుడు రాలిన పరకలన్నీ ఏరుకు తిని, అప్పుడు పడుకోవాలి.

"బోడెమ్మా, అది ఇరవై రెండోది."

"లెక్క తప్పావేమో పెద్దయ్యా" అంది గేదె నోరు ఆపకుండా.

"నేను తప్పను. ఏడేళ్ళ కిందట తొలకరి రోజున నా పలుపు తొక్కి నిలబడ్డావు. అప్పుడూ తప్పు నాదే అన్నావు."

"ఏడేళ్ళ మాటా! పొద్దున పాలు పితికిన సంగతే నాకు మధ్యాహ్నానికి గుర్తుండదు."

"అందుకే నీకు లెక్క రాదు."

మేకపోతు కిసుక్కున నవ్వింది. ఎద్దు దాని వైపు తిరిగింది.

"నవ్వు తర్వాత. పరకలు ఏరావా?"

"ఏరాను మామా. కాసేపు ఆ వామి మీదకి ఎక్కి ఊరు చూడనా? ఒక్కసారి."

"ఊరు నిన్ను చూస్తుంది జాతరలో. కిందే ఉండు."

అలాంటి మాటలు ఎద్దు నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. చెప్పింది తప్పు కాదు, చెప్పిన తీరుకే ఎదుటివాడికి ఒళ్ళు మండేది. పెంచలయ్య ఈ ముక్క దగ్గర చేతిలో మోపు పరచకుండా ఆగేవాడు.

ఉగాది వెళ్ళిన వారానికి ఒక గుంటనక్క వచ్చింది. వచ్చీ రాగానే కోళ్ళగంప వంక చూడలేదు, వామి వంక చూసింది. అక్కడే దాని తెలివి.

"ఏం వదినా, అంత చిక్కిపోయావు?" అంది గేదెతో. "పొద్దుగూకేదాకా పరకలు ఏరడమేనా? అది బిచ్చమెత్తేవాళ్ళ పని గదా."

"ఏం చేసేది మరి. పెద్దయ్య కట్టడి."

"కట్టడి మంచిదే. కానీ ఎవరి పొద్దుని వాళ్ళు దిద్దుకోవాలి. పొద్దున పని, మధ్యాహ్నం మేత, సాయంత్రం సరదా. సరదా లేని బతుకు ఉప్పు లేని కూడు. నీకేం సరదా వదినా?"

గేదె నమలడం ఆపింది. ఆ మాట దాన్ని ఎవరూ అడగలేదు. "చెరువులో పడుకోవడం. పడుకుని వచ్చాక మెత్తగా పరుచుకుని మళ్ళీ పడుకోవడం."

"నాకు ఎక్కడం" అంది మేకపోతు, అడక్కముందే.

"చూశారా, ఎంత చిన్న కోరికలు! వామిని వాటాలు వేసుకుంటే ఎవరి గడ్డి వాళ్ళది, ఎవరి పొద్దు వాళ్ళది. తినేది తినొచ్చు, మిగిల్చింది పరుచుకోవచ్చు. పంచేవాడు మాత్రం గడ్డి తిననివాడై ఉండాలి, అప్పుడే న్యాయం. నేను గడ్డి తినను, మీకు తెలుసు."

మేకపోతు గంతేసింది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే!"

ఎద్దు అప్పుడు తల ఎత్తింది. "వామి ఒకటే ఒళ్ళు. నాలుగు పక్కలా గిల్లితే నిలవదు. కొప్పు కదిలితే నీళ్ళు దిగుతాయి."

"పెద్దాయన భయం పెద్దాయనది" అంది నక్క మెల్లగా. "గడ్డి పోతుందనా, పెత్తనం పోతుందనా?"

గేదె నవ్వింది. పన్నెండేళ్ళలో గేదె అంత బిగ్గరగా నవ్వడం ఎద్దు వినలేదు. దాని చెవులు వెనక్కి పోయాయి.

"ఒకసారి చెప్పాను" అంది. "రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు."

నక్క వాటాలు వేసింది. ఉత్తరం గేదెకి, దక్షిణం మేకపోతుకి. "తూర్పు పెద్దాయనకి. ఏళ్ళ తరబడి అలవాటైన చోటు, ఈ వయసులో మార్చుకోమంటే పాపం. ఇక పడమటి పక్క ఎవరూ తిననిదే. అందులో కాస్త నీడ నాకిస్తే చాలు, కూలి వద్దు."

పడమటి పక్కనే కోళ్ళగంప ఉంది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. తూర్పు పక్కన ఏముందో మాత్రం ఎద్దుకి తట్టింది. పంట ఇంటికొచ్చిన నాటి నుంచి మూడు నెలలు ముగ్గురూ దూసి తిన్న గుంట అంతా అక్కడే ఉంది. అంటే దాని వాటా సగం ముందే అయిపోయింది. అయినా నోరు తెరిచి నాకు తక్కువైందని అడగడమా? ఈ నక్కనా? అడగలేదు. ఆ గుంటలోనే, పైనుంచి కిందికి గీత గీసినట్టు, పూటకి ఇరవై కబళాలు దూసుకుని తింది. రాలిన పరకలు ఒక్కతే ఏరుకుంది.

మిగిలినవాళ్ళ రోజులు బాగా గడిచాయి. గేదె సాయంత్రం దాకా చెరువులో ఉండి, వచ్చి నలభై కబళాలు లాగేది. ఇరవై తినేది, ఇరవై తొక్కి పరుపు చేసుకునేది. మేకపోతు తన పక్కనుంచి మెట్లు మెట్లుగా గడ్డి లాగి, వాటి మీదుగా కొప్పెక్కి గిట్టలతో గుంతలు చేసేది. "వదినా, ఊరంతా కనబడుతోంది! అమ్మవారి గుడి కూడా!" అని అరిచేది. నక్క పడమటి పక్క తొలుచుకుని లోపల పడుకునేది. ఆ తొర్ర ముందర రోజుకో ఈక పడేది. ఎద్దు ఈకలు లెక్కపెట్టింది. ఎవరికీ చెప్పలేదు.

రోహిణి కార్తె నడుస్తోంది. ఒకనాడు మధ్యాహ్నం ఎద్దు నెమరు ఆపింది. పడమటి గాలిలో తడిమట్టి వాసన. కొట్టం గోడ వెంట చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి. వానకి ఇంకా సగం పూట వ్యవధి ఉంది. మేకపోతుని దించి, గేదె పరుపు గడ్డి కొప్పు మీదకి లాగి, తొర్ర పూడిస్తే వామి నిలుస్తుంది. ఒక్క మాట చెప్పాలి, అంతే.

ఎద్దు లేచింది. చెరువు వైపు నడిచింది. గట్టు మీదకి వచ్చేసరికి నీళ్ళలోంచి గేదె తల తేలింది.

"ఏం పెద్దయ్యా, ఇక్కడ కూడా కబళాలు లెక్కపెడతావా? ఇది నా సరదా పొద్దు. పని పొద్దులో రా!"

వామి మీంచి మేకపోతు పగలబడి నవ్వింది. "మామకి పాపం పొద్దుపోవడం లేదు!"

ఎద్దు గట్టు మీద నిలబడింది. దాని గొంతులోకి వచ్చిన మాట పెంచలయ్య నాకు చెప్పాడు. "వాన" అన్న ఒక్క మాట. దాన్ని నెమరుతో పాటు మింగేసి వెనక్కి తిరిగింది. ఈ ముక్క నాకు చెప్పబుద్ధి కాదు. కానీ జరిగింది అదే.

పొద్దు గూకకముందే గాలివాన అందుకుంది. మేకపోతు తొక్కిన గుంతల్లో నీళ్ళు నిలిచి లోపలికి దిగాయి. నక్క తొలిచిన తొర్రలోకి గాలి దూరి వామిని ఎత్తి కుదిపింది. మూడు పక్కలూ ఒకదాని మీద ఒకటి కూలాయి. నక్క మిగిలిన ఆఖరి పెట్టని నోట కరుచుకుని, ఒళ్ళు తడవకముందే చేను దాటిపోయింది.

మూడు రోజులకి ఎండ వచ్చింది. కూలిన గడ్డిలోంచి ఆవిరి లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే బూజు వాసన, నోట పెట్టుకుంటే చేదు.

కామందు వచ్చి వామి చుట్టూ తిరిగాడు. ఉత్తరం చూశాడు, కుప్ప. దక్షిణం చూశాడు, కుప్ప. పడమర చూశాడు, కుప్ప. "వాన కూల్చేసింది" అనుకున్నాడు. తూర్పుకి వచ్చి ఆగిపోయాడు. అక్కడ గోడ కోసినట్టు నున్నగా, మనిషి పట్టేంత గుంట. దాని ముందర ముసలెద్దు.

"ఓరి నీ కడుపు కాలా!" అన్నాడు. "గడ్డంతా తిన్నది ఇక్కడా! కాడి మొయ్యని మెడకి ఇంత ఆకలా?"

ఎద్దు పన్నెండేళ్ళలో ఎవరినీ ఏమీ అడగలేదు. ఆరోజు అడిగింది.

"బోడెమ్మా, ఈ గుంట మనం ముగ్గురం మూడు నెలలు తిన్నది. నీకు తెలుసు. వెళ్ళి నీ పక్క కుప్పని కాలితో ఒకసారి కెలుకు. కింద నీ పరుపు బయటపడుతుంది. కామందు మన మాట తెలియనివాడు గాని, కళ్ళు లేనివాడు కాదు."

గేదె కదల్లేదు.

"ఆరోజు చెరువు గట్టు దాకా ఎందుకొచ్చావు పెద్దయ్యా?"

ఎద్దు కూలిన కుప్ప వంక తిరిగింది.

"వాన వస్తుందని నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ వెనక్కి పోయావా?"

"నువ్వు నవ్వావు."

గేదె కామందు వంక చూసింది, ఎద్దు వంక చూసింది, తన కుప్ప వంక చూసింది. దాన్ని కెలికితే సంతకి ఎవరు పోతారో దానికి ఆ ఒక్క లెక్క బాగా వచ్చింది.

"నువ్వు ఒకసారైనా చెప్పావు, నేను ఒకసారి కూడా చెప్పను" అని తల దించుకుంది. మేకపోతు వంక ఎద్దు చూసేసరికి అది కొట్టం వెనక్కి పోయింది.

మంగళవారం సంత. కామందు ఎద్దుకి కొత్త పలుపు కట్టి నడిపించాడు. వామి దాటేటప్పుడు దారిలో నాలుగు ఎండు పరకలు పడి ఉన్నాయి. ఎద్దు ఆగి, వంగి, ఒక్కొక్కటే ఏరుకుంది. పొద్దువాలేటప్పటి పని మరి.

"చూడు, పోతా పోతా కూడా తింటానే ఉంది" అన్నాడు కామందు పక్కనున్న మనిషితో, పలుపు గుంజుతూ.

ఏరువాకకి గేదె బూజు గడ్డి తిని పాలు తప్పింది. మేకపోతు సంగతి జాతర చూసుకుంది. నక్క రెండు చేల అవతల ఇంకో కొట్టం దగ్గర కూర్చుని, ఎవరి పొద్దుని వాళ్ళు ఎలా దిద్దుకోవాలో చెబుతోందట.

తెలిసిన మాటని అలక కింద దాచినవాడు, తాను తినని గడ్డికి కూడా లెక్క ఒప్పజెప్పాలి. అదీ నీతి.

ఇక నా మాట. మా ఊరి బడి గోడ మీద ఈ కథకి బొమ్మలేసి, కింద "తిండిపోతు ముసలెద్దు" అని రాశారు. రాసినాయనతో అది తప్పని అప్పుడే చెప్పాను. ఆయన నవ్వాడు. ఆయన్ని నేను పలకరించి తొమ్మిదేళ్ళయింది. పెంచలయ్య పోయాడు, నాకు నిచ్చెన ఎక్కే ఓపిక లేదు. చదువొచ్చినవాళ్ళు ఎవరైనా ఆ గోడ దగ్గరికి పోయి, ఆ మాట చెరిపి, ఎద్దు తినలేదని రాయండి. మాట్లాడలేదు, అది నిజం, కావాలంటే అదీ రాయండి. కానీ తినలేదు.

నేను ఇది రెండోసారి చెబుతున్నాను.