ఎర్రదారం పీక

దస్తగిరి సాహెబు నాదస్వరం ఎత్తితే గుండ్లకమ్మ ఏరు రెండు గడియలు నిలబడి విని, తర్వాత పరుగెత్తి ఆలస్యం సర్దుకునేదట. అంతటివాడికి ముందుపళ్లు ఊడిపోయాయి. ఈసారి రథం ముందు ఊదాల్సింది శిష్యుడు సింగరయ్యే.

సింగరయ్యకు ఊపిరికి లోటు లేదు. ఒక్క దమ్ముకి ఊరి చుట్టూ తిరిగి రాగలడు. లేనిదల్లా పీక. పెదవుల మధ్య పెట్టుకునే ఆ రెల్లుముక్క పలక్కపోతే ఎంత నాదస్వరమైనా ఉత్త కొయ్యగొట్టమే. గురువుగారి పాత పీకలు ఏళ్ల తరబడి ఆయన ఊపిరికి అలవాటుపడ్డవి, ఇంకొకరి మాట వినవు.

అందుకని నెలన్నర ముందే ఏటిఒడ్డున ఎండిన రెల్లు కోసుకొచ్చి, ఉడకబెట్టి, అదిమి, పీకలు కట్టడం మొదలుపెట్టాడు. గురువుగారిది తెల్లదారం. తన పనితనం పదిమందికీ తెలియాలని సింగరయ్య ఎర్రదారం చుట్టాడు. తగ్గించి చెప్పేవాళ్లు కూడా వెయ్యి కట్టాడంటారు.

ప్రతిదీ ఒక్కసారి ఊదేవాడు. బాతులా అరిచేది. గోడ అవతలికి విసిరేవాడు.

సాహెబు అరుగు మీద కూర్చుని అంతా చూస్తుండేవాడు. ఎప్పుడూ బుగ్గన ఏదో నానుతుండేది. పళ్లు లేని మనిషి, తమలపాకు కాబోలనుకున్నాడు సింగరయ్య.

రథం రోజు పొద్దున చివరి పీకా అరిచింది. సింగరయ్య గురువుగారి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"పక్కూరి మేళాన్ని పిలిపించండి గురువుగారూ. నా చేతిలో పీక పుట్టదు."

సాహెబు బుగ్గలోంచి ఒక పీక తీశాడు. కండువాతో తుడిచి, నాదస్వరానికి తగిలించి ఇచ్చాడు.

సింగరయ్య ఊదాడు. రేవులో చాకళ్లు ఎత్తిన బట్ట ఎత్తినట్టే ఆగిపోయారు. ఆ బట్టలు అక్కడే, గాల్లోనే ఆరాయట.

"ఎవరు కట్టారండీ దీన్ని?"

"దారం చూడు."

నాని నాని వెలిసింది గానీ, ఎరుపే.

"మొదటిరోజు నువ్వు విసిరింది," అన్నాడు సాహెబు.

"ఇదీ అరిచింది గురువుగారూ. నా చెవులతో విన్నాను."

"అరిచింది." సాహెబు అతని తల మీద చెయ్యి వేశాడు. "నా దగ్గరకొచ్చిన కొత్తలో నువ్వూ అరిచావు నాయనా."

రథం కదలడానికి ఇంకా పొద్దుంది. సింగరయ్య లేచి, కండువా దులుపుకుని గోడ అవతలికి వెళ్లాడు. ముళ్లల్లో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరాడు.

దొరికిన మొదటిదాన్ని మట్టి తుడిచి, బుగ్గన పెట్టుకున్నాడు.