ఇంజను చల్లారేదాకా

"డబ్బు కట్టి కొన్న వస్తువుకు మళ్ళీ కృతజ్ఞత ఎందుకు ఉస్తాద్? మనం ఇచ్చాం, వాళ్ళూ ఇచ్చారు. అక్కడికి చెల్లు. ఆ పైన దండాలు పెట్టడం బానిస బుద్ధి కాదా?"

అడిగింది హిమజ. కాలేజీ డిబేటు పోటీల్లో ఎదుటి పక్షం చేత నీళ్ళు నమిలించిన పిల్ల. బేతంచెర్ల దగ్గర, రాయి తీసి వదిలేసిన గనిలో పిల్లలకు డర్ట్ బైకు నేర్పే పీరాన్ ఉస్తాద్ దగ్గర రెండేళ్ళుగా రిపేరు పని నేర్చుకుంటోంది. ఉస్తాద్ వాదనకు దిగే మనిషి కాడు. "రేపు డోన్ పోదాం రామ్మా. మీ చెల్లెలికి బండి చూడాల" అన్నాడంతే.

చెల్లెలు తేజకు తొమ్మిదేళ్ళు. ఆదివారం దాని మొదటి బైకు పోటీ. బండి ఎరువిస్తామన్నవాళ్ళు చివర్లో మాట మార్చారు. కొత్తది కొనే తాహతు లేదు. ఆ సైజు పాత బండి చుట్టుపక్కల ఒక్కటే ఉంది, లారీ డ్రైవరు మద్దిలేటి ఇంట్లో.

పాత బండి కొనేవాడు ముందు ఇంజను మీద చెయ్యి పెట్టి చూడాలన్నది ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం. చల్లటి ఇంజనే దాని జబ్బు బయటపెడుతుంది. మర్నాడు డోన్‌లో, మద్దిలేటి వాకిట్లో హిమజ చెయ్యి పెట్టింది, చురుక్కుమంది. ఇంకేం, అగ్గి మీద గుగ్గిలం.

"మేమొస్తున్నామని ముందే వేడి చేసి పెట్టారా? చల్లగా ఉంటే స్టార్టు కాదనేగా! ఎవరికి చెవిలో పువ్వులు పెడతారు?"

మద్దిలేటి మొహం మాడిపోయింది. "నేను దొంగనైతే దొంగ బండి మీకెందుకు తల్లీ? నేను అమ్మను. పోండి."

ఆదివారం చేజారిపోయిందని హిమజకు అప్పుడు తెలిసింది. మాట వెనక్కి తీసుకోవడం మాత్రం ఏ పోటీలోనూ నేర్చుకోలేదు. ఉస్తాద్ తాపీగా అరుగు మీద కూర్చున్నాడు. "కాసిని మంచినీళ్ళు ఇప్పించు నాయనా. ఇంజను చల్లారేదాకా కూర్చుంటాం. ఆ తర్వాత అమ్ముతావో తరుముతావో నీ ఇష్టం."

నీళ్ళు తెచ్చింది మద్దిలేటి కూతురు ప్రణతి. పన్నెండేళ్ళుంటాయి. కనుబొమల దాకా ఎర్రదుమ్ము. రెండు మోకాళ్ళూ గీరుకుపోయి ఉన్నాయి.

"నాయన వేడి చెయ్యలేదక్కా" అంది. "తెల్లారినప్పట్నుంచీ నేనే తిప్పినా. ఇంక తిప్పను గదా, అందుకని. మోకాళ్ళు హ్యాండిలుకు కొట్టుకుంటున్నాయి. పొడుగైపోయినా."

హిమజ తల దించుకుంది. మద్దిలేటి దగ్గరికి వెళ్ళి, "తప్పు మాట అన్నాను అన్నా" అంది. అతను సరేనన్నట్టు చెయ్యూపాడు.

ఇంజను చల్లారింది. హిమజ కిక్కు కొట్టింది, పలకలేదు. మళ్ళీ కొట్టింది, పలకలేదు. ప్రణతి పకపకా నవ్వింది. "దాన్ని బెదిరిస్తే రాదక్కా. చోక్ సగమే లాగు. రెండు సార్లు ఊరికే తొక్కి, మూడోసారి గట్టిగా." మూడోసారికి బండి గుర్రుమంది.

ఆ పిల్ల అంతటితో ఆగలేదు. ఎడమ మలుపులో వెనక చక్రం ఎప్పుడు జారుతుందో చెప్పింది. తర్వాత, "మీ చెల్లెలి వేళ్ళు ఎంత పొడుగు?" అనడిగింది. హిమజ తన వేలి మీద రెండో కణుపు దగ్గర చూపించింది. ప్రణతి లోపలికి పరుగెత్తి పానా తెచ్చింది. ఆ కొలతకు బ్రేకు లివరును హ్యాండిలు దగ్గరికి జరిపి బిగించి, తన వేళ్ళు మడిచి చిన్నవి చేసుకుని పట్టి చూసింది. "ఇప్పుడు అందుతుంది, పడదు" అంది.

డబ్బు చేతులు మారింది. బండిని ఆటోలోకి ఎక్కించారు. ఊరు దాటాక కూడా హిమజ ఆ లివరు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"ఉస్తాద్, ఆ పిల్లకు నేనేమివ్వాలి?"

ఉస్తాద్ రోడ్డు వైపే చూస్తూ అన్నాడు: "మీ చెల్లెలూ పొడుగవుతుందిలే అమ్మా. అప్పుడు ఈ బండి కోసం ఇంకో చిన్నపిల్ల వస్తుంది."